కవచం ఆగిన చోట కేరో మునిగింది

ముందుగా పేరు సంగతి. ఇంగ్లిషు అక్షరాలు చూస్తే ఈజిప్టు రాజధాని కైరో గుర్తొస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో మునిగిన ఈ ఇనుప కవచపు ఓడకు ఆ పేరు వచ్చింది ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణపు కొసన, ఒహాయో నది వచ్చి మిసిసిపీలో కలిసే చోట ఉన్న ఒక ఊరి నుంచి. ఆ ఊరివాళ్లు దాన్ని కేరో అంటారు. నేనూ అలాగే రాస్తున్నాను.

అమెరికా అంతర్యుద్ధంలో ఇనుప ఓడలంటే అందరికీ తెలిసినవి రెండే: ఉత్తరాదివాళ్ల మానిటర్, దక్షిణాదివాళ్ల వర్జీనియా. 1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్ దగ్గర ఆ రెండూ గంటల తరబడి కొట్టుకుని, ఒకదాన్నొకటి ముంచలేక వెనుదిరిగాయి. కేరోకి పుస్తకాల్లో దక్కేది చాలాసార్లు ఒక్క వాక్యం: మందుపాతర పేలి మునిగిన మొదటి కవచ యుద్ధనౌక, 1862 డిసెంబరు 12, యాజూ నది. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అయితే అందులో మందుపాతర గురించి ఉంది గానీ ఓడ గురించి ఒక్క ముక్కా లేదు. కేరో కాగితం మీద ఉన్నప్పుడే, ఇనుము ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదిలేయాలి అని ఒక నిర్ణయం జరిగింది. డిసెంబరు 12న ఓడ ఎందుకు అంత త్వరగా మునిగిందో ఆ నిర్ణయంలో ఉంది. 1964లో దాన్ని నది అడుగు నుంచి ఎత్తుతుంటే ఎందుకు ముక్కలైందో కూడా చాలావరకు అందులోనే ఉందని నా వాదన. ఈ రెండు ఘటనలనూ విడివిడిగా చెప్పుకోవడం వల్ల ఓడ మనకు సరిగ్గా అర్థం కాకుండా పోతోంది.

1861 ఆగస్టు 7న సెయింట్ లూయిస్ వాసి జేమ్స్ బి. ఈడ్స్ ఏడు గన్‌బోట్లు, అంటే నదుల్లో తిరిగే ఫిరంగి ఓడలు, కట్టి ఇస్తానని ఉత్తరాది ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నాడు. ఒక్కోదానికి 89,600 డాలర్లు. గడువు అక్టోబరు 10, అంటే నిండా రెండు నెలల మూడు రోజులు. నమూనా గీసింది నౌకాదళ నిర్మాణాధికారి శామ్యూల్ పుక్. అందుకే వాటికి ‘పుక్ తాబేళ్లు’ అని పేరొచ్చింది. యంత్రాల నమూనా థామస్ మెరిట్‌ది. కారండలెట్, సెయింట్ లూయిస్, లూయీవిల్, పిట్స్‌బర్గ్ అనే నాలుగు ఓడలు సెయింట్ లూయిస్‌ను ఆనుకుని ఉన్న కారండలెట్‌లో తయారయ్యాయి. కేరో, సిన్సినాటి, మౌండ్ సిటీ అనే మూడు ఇల్లినాయ్‌లోని మౌండ్ సిటీలో తయారయ్యాయి. ప్రభుత్వం సొమ్ము సమయానికి ఇవ్వలేదు. ఈడ్స్ సొంత డబ్బు పెట్టి పని నడిపించాడు. గడువు దాటిపోయింది, కేరో సేవలోకి వచ్చేసరికి 1862 జనవరి. అయినా అడవిలో చెట్లుగా నిలబడి ఉన్న ఓక్, గనుల్లోంచి ఇంకా రాని ఇనుము ఆరు నెలల్లోపే ఏడు యుద్ధనౌకలయ్యాయంటే అది మామూలు పని కాదు.

ఈడ్స్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, తరువాత అవసరం పడుతుంది. అతను పుట్టుకతో ఓడలు కట్టేవాడు కాదు. యుద్ధానికి ముందు అతని వృత్తి మిసిసిపీలో మునిగిన పడవలను వెతికి, గంట ఆకారపు డొల్లలో కూర్చుని నది అడుగుకు దిగి, సరుకునూ యంత్రాలనూ పైకి తీయడం. నది అడుగున ప్రవాహం ఎలా లాగుతుందో, ఒండ్రు మునిగిన పడవను ఎలా మింగుతుందో చేతులతో తడిమి తెలుసుకున్న మనిషి.

ఏడు ఓడలకూ కొలతలు ఒకటే. పొడవు 175 అడుగులు, వెడల్పు 51 అడుగుల 2 అంగుళాలు, నీటిలోకి దిగే లోతు 6 అడుగులు. ఈ ఆరు అడుగులే మిగతా ఓడనంతా శాసించాయి. మిసిసిపీలోనూ దాని ఉపనదుల్లోనూ నీరు తగ్గితే ఇసుక మేటలు అడ్డం తిరుగుతాయి. నిన్న దారి ఉన్న చోట ఇవాళ ఉండదు. ఆరడుగుల కన్నా లోతుకు దిగే ఓడ సగం ఏడాది ఎక్కడో ఒకచోట ఇసుకలో కూర్చుంటుంది. గోదావరి మీద వేసవిలో లాంచీ నడిపిన సరంగులకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

గోదావరి మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. ఈ యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను మూసేయడంతో అమెరికా పత్తి ఇంగ్లండుకు ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు పత్తి కోసం భారతదేశం వైపు చూశాయి. బేరార్ పత్తిని ఎగువ గోదావరి మీదుగా పడవల్లో కాకినాడ రేవుకు దించాలన్న పథకానికి ఆ రోజుల్లోనే బలం వచ్చింది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు ఆ ప్రయత్నంలో భాగమే. రాతి అడ్డంకులు, ఏడాదిలో ఎక్కువ నెలలు చాలని నీళ్లు, పెరిగిపోయిన ఖర్చు కలిసి 1871లో ఆ పనిని ఆపించేశాయి. అక్కడా ఇక్కడా అంతిమంగా తీర్పు చెప్పింది నీటి లోతే.

మళ్లీ కేరో దగ్గరికి. తక్కువ లోతులో ఎక్కువ బరువు తేలాలంటే ఓడ వెడల్పుగా, అడుగు బల్లపరుపుగా ఉండాలి. ఒక ముతక లెక్క వేద్దాం. పొడవును వెడల్పుతో గుణించి, ముందూ వెనకా ఉన్న వంపులు తీసేసి, వెనక తెడ్ల చక్రం కోసం ఓడ మధ్యలో వదిలిన సందు కూడా తీసేస్తే, నీటి మట్టం దగ్గర ఓడ వైశాల్యం సుమారు 6,700 చదరపు అడుగులు తేలుతుంది. ఘనపుటడుగు మంచినీరు 62.4 పౌన్లు. అంటే దాదాపు 15 టన్నులు ఎక్కిస్తే ఓడ ఒక అంగుళం దిగుతుంది. కేరో కవచం మొత్తం 122 టన్నులు. ఆరడుగుల్లో ఏడెనిమిది అంగుళాలను కవచమే తినేసింది. ఆ పైన ఒక్కోటి రెండు మూడు టన్నుల ఫిరంగులు 13, వాటి బళ్లు, గుళ్లు, మందు, ఐదు బాయిలర్లు, రెండు ఇంజన్లు, బొగ్గు, 251 మంది మనుషులు. ఓడ చుట్టూ నీటి మట్టం కింద దాకా అదే మందాన ఇనుము చుట్టాలంటే మరో అడుగైనా దిగుతుంది. అప్పుడది యాజూ లాంటి నదిలోకి అడుగు పెట్టలేదు.

కాబట్టి పుక్, ఈడ్స్ కొన్ని చోట్లే ఎంచుకోవలసి వచ్చింది. ఓడ పైభాగం నాలుగు వైపులా ఏటవాలు గోడలున్న పెట్టెలా ఉంటుంది, ఫిరంగులన్నీ దాని లోపలే. ముందు గోడకూ, ఇరుపక్కలా బాయిలర్లు, ఇంజన్లు ఉన్న మేరకూ రెండున్నర అంగుళాల మందం ఇనుప పలకలు బిగించారు. వాటి వెనక ఓక్ దూలాలు, ముందు వైపు మరీ మందంగా. గోడలు ఏటవాలుగా ఉండటంలో ఉద్దేశం, ఎదురుగా వచ్చే గుండు నిటారుగా తగలకుండా జారి పైకి ఎగిరిపోవాలని. వెనక గోడకు ఇనుము లేదు. పై కప్పుకు లేదు. నీటి మట్టం కింద అసలే లేదు, అక్కడున్నది కలప ఒక్కటే. శత్రువు ఎప్పుడూ ఎదురుగా, నదితో సమానమైన ఎత్తులో, పెద్ద ఫిరంగులతో ఉంటాడన్న ఊహతో బిగించిన కవచం అది. ఆ ఊహ నిజమైనంతసేపు ఓడ బాగా నిలబడింది. దక్షిణాదివాళ్లకు ఆ ఊహను తప్పించుకోవడం ఎంతో కాలం పట్టలేదు.

యంత్రాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బరువు కథలో అవీ భాగమే. ఒక్కో బాయిలర్ 36 అంగుళాల వ్యాసం, 24 అడుగుల పొడవు. ఐదూ పక్కపక్కన. ఇంజన్ సిలిండర్ల వ్యాసం 22 అంగుళాలు, పిస్టన్ నడక ఆరడుగులు. ఆవిరిని తిరిగి నీరుగా మార్చే కండెన్సర్ లేదు. పని అయిపోయిన ఆవిరి బయటికి పోతుంది, బాయిలర్లోకి ఎప్పటికప్పుడు నదినీరే పోయాలి. నదినీరంటే ఒండ్రు. ఆ ఒండ్రు బాయిలర్ల అడుగున పేరుకుంటుంది, తరచూ ఊది బయటికి తోయాలి. అశ్రద్ధ చేస్తే అడుగు రేకు నీటికి దూరమై కాలి ఉబ్బుతుంది, ఆపైన పగులుతుంది. గంటకు దాదాపు ఒక టన్ను బొగ్గు. ఇంత చేసినా ఎదురు ప్రవాహంలో ఓడ ఈసురోమని నడిచేది. ఏటివాలున పోరాడటమంటే ఉత్తరాది నది ఓడల దళపతి ఫుట్ వెనకాడేవాడు, దానికి కారణం ఉంది. యంత్రం దెబ్బతిన్న ఓడను ప్రవాహమే తీసుకెళ్లి శత్రువు ఒళ్లో పెడుతుంది. ఎదురీదుతూ పోరాడితే కనీసం వెనక్కి, మనవాళ్ల వైపుకు కొట్టుకొస్తుంది.

ఓడ లోతు తక్కువ కావడంతో బాయిలర్లను పూర్తిగా నీటి మట్టం కింద దాచే వీలు లేకపోయింది. దాని ఫలితం 1862 జూన్ 17న తెలిసింది. అర్కన్సాలో వైట్ నది మీద సెయింట్ చార్లెస్ దగ్గర, కేరోతో ఒకే చోట పుట్టిన మౌండ్ సిటీ ఓడ గోడను ఒకే ఒక గుండు చీల్చుకుని ఆవిరి డ్రమ్మును పగలగొట్టింది. మూసిన పెట్టెలో ఆవిరి నిండింది. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆవిరికి ఉడికిపోయే. నీళ్లలోకి దూకినవాళ్లలో కొందరు మునిగిపోయారు, కొందరు తీరం నుంచి కాల్పులకు బలయ్యారు. ఆ యుద్ధం మొత్తంలో ఒక్క గుండు ఇంతమందిని చంపిన సందర్భాలు అరుదు.

కేరో చావును విడిగా చూడకూడదని నేననేది ఇందుకే. ఏడు ఓడల చరిత్ర ఒకచోట పెట్టి చూడండి. 1862 మే 10న ప్లమ్ పాయింట్ వంపు దగ్గర దక్షిణాది పోటు ఓడలు వచ్చి సిన్సినాటినీ మౌండ్ సిటీనీ నీటి మట్టం దగ్గర గుద్ది ముంచాయి, తరువాత రెంటినీ తేల్చారు. డిసెంబరులో కేరో, మందుపాతర. 1863 మే 27న మిసిసిపీ గట్టున దక్షిణాదివాళ్ల కోట అయిన విక్స్‌బర్గ్ దగ్గర సిన్సినాటి రెండోసారి మునిగింది. గట్టు మీది ఎత్తైన ఫిరంగుల నుంచి గుళ్లు ఏటవాలుగా దిగి, కవచం లేని చోట్ల దూరి అడుగు దాకా పోయాయి. 1863 జూలై 13న, పేరు మారి బారన్ డికాల్బ్ అయిన పాత సెయింట్ లూయిస్, అదే యాజూ నదిలో మందుపాతరకే మునిగింది. మొత్తం ఐదు మునకలు. ఒక్కటంటే ఒక్కటి కూడా ముందు గోడ కవచం ఓడిపోవడం వల్ల జరగలేదు. ఐదుసార్లూ దెబ్బ ఇనుము లేని చోటే. ఇది చూశాక కూడా కేరో మునకను అదృష్టం బాగాలేక జరిగిన ప్రమాదమని అనగలమా?

ఇక ఆ రోజు సంగతి. కేరో కమాండర్ థామస్ ఓ. సెల్ఫ్రిడ్జ్, లెఫ్టినెంట్ కమాండర్. ఇతని ఒక్కడి ఏడాది చూస్తే చాలు, ఆ కాలపు ఓడల కథంతా కనిపిస్తుంది. మార్చి 8న వర్జీనియా పొడిచి ముంచిన కంబర్లాండ్ అనే కలప ఓడలో అధికారి. ఆ తరువాత కొద్ది రోజులు, దాన్ని నడిపిన వోర్డెన్ గాయపడటంతో, మానిటర్‌కే కమాండర్. సెప్టెంబరులో కేరో చేతికొచ్చింది. కలప ఓడ ఇనుము చేతిలో చావడం కళ్లారా చూసినవాడికి ఇనుప గోడ వెనక నిలబడితే ధైర్యం రావడం సహజమే.

యాజూ మిసిసిపీలో కలిసేది విక్స్‌బర్గ్‌కు ఎగువన. ఆ నదిలో మందుపాతరలున్నాయని ఉత్తరాదివాళ్లకు ముందే తెలుసు. డిసెంబరు 11న మార్మొరా, సిగ్నల్ అనే రెండు పలచని కవచం పడవలు వెళ్లి చూసొచ్చాయి, తుపాకీ కాల్పులకు ఒకటి పేలింది కూడా. మరునాడు వాటిని ఏరేయడానికి ఆ రెండు పడవలు, క్వీన్ ఆఫ్ ద వెస్ట్ అనే పోటు ఓడ, పిట్స్‌బర్గ్, కేరో బయలుదేరాయి. పద్ధతి సరైనదే. లోతు తక్కువ కావలసిన చిన్న పడవలు ముందు, గట్ల వెంట మనుషులు దిగి తీగలు వెతికి కోయాలి, పెద్ద ఓడలు వెనక నుంచి ఫిరంగులతో కాపు కాయాలి. ఒక వంపు దగ్గర మార్మొరా ఆగి నీళ్లలో తేలుతున్న దేన్నో తుపాకులతో కాల్చడం మొదలుపెట్టింది. శత్రువు దాడి అనుకుని సెల్ఫ్రిడ్జ్ ముందుకొచ్చాడు. అసలు సంగతి తెలిశాక పడవ దింపి చూడమన్నాడు. ఈలోపు కేరో ముక్కు గట్టు వైపు తిరిగింది. వెనక్కి లాగి, సరిచేసుకుని మళ్లీ ముందుకు కదిలిస్తుండగా, మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే, రెండు పేలుళ్లు దాదాపు ఒకేసారి జరిగాయి. డెక్ మీది లంగరు ఎగిరిపడేంత అదురు.

సెల్ఫ్రిడ్జ్ ఓడను గట్టు మీదికి తోయించాడు, మోకుతో చెట్టుకు కట్టించాడు, పంపులు పెట్టించాడు. ఏదీ పని చేయలేదు. గట్టు నిటారుగా ఉండటంతో ఓడ వెనక్కి జారింది. పన్నెండు నిమిషాల్లో 36 అడుగుల నీటిలోకి దిగిపోయింది. ఒక్క ప్రాణం పోలేదు, అది మాత్రం గొప్ప విషయం. క్వీన్ ఆఫ్ ద వెస్ట్ మనుషులను ఎక్కించుకుని, నీటి పైకి కనబడుతున్న పొగగొట్టాలను కూడా లాగి పడేసింది, దక్షిణాదివాళ్లు జాడ పట్టి ఫిరంగులు తీసుకోకుండా. సెల్ఫ్రిడ్జ్ తొందరపాటును తప్పుపట్టినవాళ్లున్నారు. పై అధికారి పోర్టర్ మాత్రం దాన్ని ఉత్సాహం ఎక్కువై జరిగిన యుద్ధకాలపు ప్రమాదంగానే తీసుకున్నాడు.

ఆ రోజుల్లో నీటిలో పాతిన మందుపాతరను కూడా టార్పెడో అనే పిలిచేవారు. కేరోని ముంచినవి ఐదు గ్యాలన్ల గాజు జాడీలు, లోపల నల్లమందు. గాజు ఎందుకంటే మందు తడవకుండా ఉంచడంలో దానికి సాటి లేదు. తీగ లోపలికి పోయే మూతి దగ్గరే అసలు కష్టం, అక్కడ చెమ్మ చేరితే వారంలో జాడీ పనికిరాకుండా పోతుంది. చేసినవాళ్లు మెక్‌డేనియల్, ఈవింగ్ అనే ఇద్దరు. వాళ్ల పై అధికారి ఐజాక్ బ్రౌన్. ఇదే బ్రౌన్ అదే ఏడాది యాజూ సిటీలో రైలు పట్టాల ఇనుముతో ఆర్కన్సా అనే ఓడకు కవచం తొడిగి, జూలైలో ఉత్తరాది నౌకల మధ్యలోంచి నడిపించుకుపోయిన సమర్థుడు.

జాడీని ఎలా పేల్చారన్న దాని మీద రెండు మాటలున్నాయి. విద్యుత్ బ్యాటరీతో, గట్టు వెనక దాగిన మనుషులు పేల్చారన్నది మొదటిది, స్మారక ఫలకాల మీదా అదే కనబడుతుంది. రెండోది ఫిరంగులకు వాడే ఘర్షణ ప్రైమర్. చిన్న రాగి గొట్టంలో నిప్పంటుకునే మందు, అందులోంచి గరుకు తీగ. తీగను గుంజితే రాపిడికి అంటుకుంటుంది. నాకు రెండోదే నమ్మదగినదిగా అనిపిస్తుంది. రెండు జాడీలను ఒకే తీగతో కలిపి నదికి అడ్డంగా వేస్తే, మధ్యలో ఓడ ఆ తీగను ఈడ్చుకుపోతే, రెండూ క్షణాల తేడాతో పేలతాయి. సెల్ఫ్రిడ్జ్ చెప్పిన రెండు పేలుళ్లకు, ఒకటి ముందు వైపు, ఒకటి వెనక వైపు ఎడమ పక్కన, అది సరిగ్గా సరిపోతుంది. ‘విద్యుత్తుతో మునిగిన మొదటి ఓడ’ అన్న బిరుదును అంత నిశ్చయంగా రాయకపోవడం మంచిది.

ఎలా పేలినా, అడుగున జరిగింది ఒకటే. నీరు నొక్కితే నలగదు. జాడీ పేలినప్పుడు పుట్టిన వాయువు తోసిన తోపు అంతా పక్కనే ఉన్న మెత్తని గోడ మీద పడుతుంది. ఆ మెత్తని గోడ కేరో అడుగు. గుండ్రటి అడుగైతే వంపు కొంత కాస్తుంది, బల్లపరుపు చెక్కకు ఆ బలం లేదు. పైన 122 టన్నుల ఇనుమూ ఫిరంగులూ మోస్తున్న ఓడలో నీరు చేరుతుంటే పంపులకు మిగిలిన సమయం ఎంతని? పన్నెండు నిమిషాలే.

తొంభై నాలుగేళ్లు యాజూ ఒండ్రు దాన్ని దాచింది. గాలి తగలని బురదలో కలపను తినే జీవులు బతకలేవు, ఇనుము నెమ్మదిగా తప్ప తుప్పుపట్టదు. మంచినీరు కాబట్టి ఉప్పు బాధ కూడా లేదు. 1956 నవంబరు 12న జాతీయ పార్కుల విభాగం చరిత్రకారుడు ఎడ్విన్ బేర్స్, వారెన్ గ్రాబౌ, డాన్ జాక్స్ ఒక చిన్న పడవలో వెళ్లి మామూలు దిక్సూచితో దాన్ని పట్టుకున్నారు. కింద అంత ఇనుముంటే ముల్లు దారి తప్పుతుంది. ముల్లు ఊగిన చోట ఇనుప కడ్డీ దించి పొడిచి చూశారు, టంగుమంది. 1960లో చుక్కాని గదినీ, ఒక ఎనిమిది అంగుళాల ఫిరంగినీ దాని బండితో సహా పైకి తీశారు. చెక్కుచెదరకుండా వచ్చాయి. దాంతో ఓడనంతా ఎత్తగలమన్న నమ్మకం బలపడింది. ఆ నమ్మకమే మోసం చేసింది.

1964లో ఓడ కింద నుంచి మూడంగుళాల మందపు ఉక్కు తాళ్లు వేసి ఎత్తబోయారు. అక్టోబరులో ఆ తాళ్లు కలపను కోసుకుంటూ లోపలికి దిగిపోయాయి. ఇక మొత్తంగా తీయడం కుదరదని తేలి, ఓడను మూడు ముక్కలుగా కోసి, డిసెంబరు చివరికి బార్జీల మీద విక్స్‌బర్గ్ చేర్చారు.

ఎందుకు కోశాయి? ఇక్కడే 1861 నాటి లెక్క తిరిగొస్తుంది. నీటిలో తేలుతున్నప్పుడు ఆ ఓడ బరువును అడుగు మొత్తం, ప్రతి చదరపు అడుగూ సమానంగా పంచుకుని మోసింది. బల్లపరుపు అడుగు బలం అంతా ఆ పంపకంలోనే ఉంది. తాళ్ల మీద వేలాడదీస్తే ఆ బరువంతా కొన్ని సన్నటి గీతల మీదికి వస్తుంది. గుండ్రటి అడుగు చుట్టూ తాడు ఒదిగి పడుకుంటుంది. పెట్టెలాంటి అడుగుకు మాత్రం రెండు అంచుల దగ్గర తాడు వంగి కరుస్తుంది. పైనేమో ఇనుము, బాయిలర్లు ఓడ ముందు భాగంలోనూ మధ్యలోనూ కేంద్రీకరించి ఉన్నాయి. లోపల ఒండ్రు నిండి ఉంది. నీళ్లలో ఉన్నంతసేపు నీరు కొంత బరువు మోస్తుంది, నీటి పైకి వచ్చిన ప్రతి అంగుళానికీ ఆ సాయం పోయి తాడు మీద అదనపు భారం పడుతుంది. తడిసి తడిసి కణాలు బలహీనమైన ఓక్ దాన్ని తట్టుకోలేదు. ప్రవాహం, నీటి మట్టంలో మార్పులు, డబ్బుల కొరత ఇవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ తాళ్ల పద్ధతి ఈ ఆకారపు ఓడకు మొదటి రోజు నుంచే తగనిది.

ఇదే కాలంలో స్టాక్‌హోమ్‌లో 1628లో మునిగిన వాసా ఓడను ఎలా తీశారో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఈతగాళ్లు రెండేళ్లు కష్టపడి నీటి ధారతో ఓడ కింద ఆరు సొరంగాలు తవ్వారు. వాటిలోంచి తాళ్లు వేసి 1959లో పద్దెనిమిది విడతల్లో కొంచెం కొంచెంగా ఎత్తుతూ, నీటి లోపలే ఉంచి, లోతు తక్కువ చోటికి జరిపారు. ఆ తరువాత ఏడాదిన్నర పైగా ఊడిపోయిన మేకుల చిల్లులు మూశారు, వెనక భాగం బలపరిచారు. 1961 ఏప్రిల్ 24న పైకి తీసి, నీరు తోడేశాక వాసా తన అడుగు మీద తానే తేలి డ్రైడాక్‌లోకి పోయింది. చల్లటి, ప్రవాహం తక్కువైన బాల్టిక్ నీళ్లు, గుండ్రటి అడుగు, పైన కవచం లేకపోవడం ఇవన్నీ వాసాకు కలిసొచ్చాయి. ఆ మాట న్యాయంగా చెప్పాలి. అయినా రెండు పాఠాలు కేరోకి కూడా వర్తించేవి: ముందు కవచ పలకలు, ఫిరంగులు, ఒండ్రు నీటి అడుగునే తీసేసి బరువు తగ్గించడం, ఆ పైన ఓడ కింద మొత్తం ఆనే చట్రం ఒకటి పెట్టడం. నది అడుగున పనిచేయడం ఎంత కష్టమో ఈడ్స్‌కు తెలుసు. అతను బతికుంటే తాళ్లు వేయమనేవాడు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ముక్కలు పైకి వచ్చాక జరిగిన నష్టం ఇంకా బాధాకరం. 1965 వేసవిలో వాటిని పాస్కగూలాలోని ఇంగాల్స్ నౌకా కేంద్రానికి తీసుకెళ్లారు. కవచం విప్పి శుభ్రం చేసి దాచారు, ఇంజన్లు ఊడదీసి తుడిచి మళ్లీ బిగించారు. కలప ఎండకుండా నీళ్లు చిలకరిస్తూ ఉంచారు. ఇక్కడ ఒక వాస్తవం చెప్పుకోవాలి. శతాబ్దం నానిన ఓక్‌లో కణాల గోడలు సన్నబడి ఉంటాయి, వాటి ఆకారాన్ని నిలబెట్టేది లోపలున్న నీరే. ఎండబెడితే నీరు పోతూ పోతూ తలతన్యతతో ఆ గోడలను లోపలికి లాగేస్తుంది. పలక ముడుచుకుపోతుంది, మెలికలు తిరుగుతుంది, పొడవునా పగులుతుంది. నీటి స్థానంలోకి మైనంలాంటి పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను నెమ్మదిగా ఎక్కించడం ఒక మార్గం. వాసాకు 1962 నుంచి 1979 వరకు పదిహేడేళ్లు అదే చిలకరించారు. కేరోకి చిలకరించింది ఉత్త నీరు. అది కాలయాపన మాత్రమే, మందు కాదు. అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో జాతీయ పార్కుల విభాగం ఓడను స్వీకరించడానికి అనుమతి దొరికింది 1972లో, విక్స్‌బర్గ్ సైనిక ఉద్యానవనానికి ముక్కలు చేరింది 1977లో. పదమూడేళ్లు ఆరుబయట. కలపలో చాలా భాగం పోయింది.

ఓడను తీసినవాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. చాలావరకు స్థానికుల పట్టుదల, విరాళాలు, ఖాళీ సమయం పెట్టి చేసిన పని అది. వాళ్లు పూనుకోకపోతే తట్టలు, బూట్లు, పళ్లు తోముకునే బ్రష్షులు, మందుసీసాలు, ఆ రోజు మధ్యాహ్నం ఆగిపోయిన ఒక ఓడ జీవితమంతా ఇంకా బురదలోనే ఉండేది. కానీ ఎక్కడ, ఏ తొట్టిలో, ఎవరి డబ్బుతో ఉంచాలో తేల్చుకోకుండా ఒక తాడు కూడా వేయకూడదు. తీసిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది.

మానిటర్ విషయంలో ఆ క్రమం పాటించారు. కేరో మునిగిన పంతొమ్మిది రోజులకు, 1862 డిసెంబరు 31న, హాటెరస్ అగ్రం దగ్గర తుపానులో అది మునిగింది. 1973లో దొరికింది. దాని ఓడంతటినీ పైకి తీయాలన్న ఆశ వదులుకుని, 2002 ఆగస్టు 5న ఎనిమిది కాళ్ల ఉక్కు చట్రంతో తిరిగే ఫిరంగి గదిని మాత్రం ఎత్తారు. అడుగు మొత్తానికి ఆసరా ఇచ్చే చట్రం అది. పైకి వచ్చినది వచ్చినట్టే న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్లో ముందే సిద్ధం చేసిన తొట్టిలోకి పోయింది. సముద్రపు ఉప్పు ఇనుములో నిండి ఉండటంతో విద్యుద్విశ్లేషణ ద్వారా దాన్ని బయటికి లాగడం ఏళ్ల తరబడి సాగుతున్న పని. ఆ విషయంలో కేరో అదృష్టవంతురాలు. నదినీటి ఇనుముకు ఆ జబ్బు లేదు. అందుకే కలప పోయినా బాయిలర్లు, ఇంజన్లు, కవచ పలకలు ఈ రోజుకీ మనకున్నాయి.

విక్స్‌బర్గ్ వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు, డాలస్ నుంచి అట్లాంటా దారిలో పడుతుంది. ఆ ఉద్యానవనంలో పెద్ద గుడారం కప్పు కింద, కొత్త కలప చట్రానికి పాత ముక్కలు అమర్చి ఓడ నిలబెట్టి ఉంటుంది. అందరూ ముందు వైపు ఫిరంగుల దగ్గర ఫోటో దిగుతారు. మీరు పక్కగా నడవండి. ఇనుప పలకలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో వేలితో గీత గీసినట్టు కనబడుతుంది. ఆ గీత కిందికి, ఎడమ పక్క ముందు భాగం వైపు వంగి చూడండి. అక్కడ ఇనుము ఎప్పుడూ లేదు.